‘సహకారం’ అంటే ఏం పని? పాఠశాల ఫిల్మ్ క్లబ్బుల పెద్దలకు ఒక తల్లి బహిరంగ లేఖ

పాఠశాలల్లో ఫిల్మ్ క్లబ్బులు నడుపుతున్న ప్రధానోపాధ్యాయులకు, గైడ్ టీచర్లకు, పిల్లల షార్ట్ ఫిల్మ్ పోటీలు పెట్టేవారికి, వీటికి అనుమతులిచ్చే విద్యాశాఖ అధికారులకు,

నమస్కారం.

నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఈ ఏడాది తొమ్మిదో తరగతి పూర్తి చేసిన అమ్మాయికి తల్లిని. మిషను కుట్టి బతుకుతాను. మా మహిళా సంఘం తరఫున బడి పిల్లల యూనిఫాంలు కూడా కుట్టాను. మా బిడ్డ బడిలో ఫిల్మ్ క్లబ్ పెడుతున్నారని తెలిసినప్పుడు ఎంతో సంతోషించాను. సర్కారు బడి పిల్లల చేతికి కెమెరా రావడం మామూలు విషయం కాదు. అది తెచ్చిన సార్ కష్టపడే మనిషి, ఆ మాట ఇప్పటికీ చెప్తాను.

ఆ క్లబ్బులో ఆడపిల్లలకు జరిగినదాని గురించి డిసెంబరులో బడిలో కాగితం రాసి ఇచ్చాను. జనవరిలో పై ఆఫీసుకు వెళ్ళి ఇంకొకటి ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. రెండు చోట్లా "చూస్తాం" అన్నారు. ఏప్రిల్ అయిపోయింది, బడికి సెలవులిచ్చారు, ఒక్కరు కూడా ఫోన్ చేయలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. బడి పేరు రాయడం లేదు. మా బిడ్డ పదో తరగతి అక్కడే చదవాలి. పైగా వేరే ఊళ్ళలో ఇలాంటి క్లబ్బులున్న బడుల తల్లులతో మాట్లాడితే వాళ్ళూ ఇంచుమించు ఇవే చెప్పారు. కాబట్టి ఇది ఒక్క బడి మీద ఫిర్యాదు అనుకోవద్దు.

జరిగింది జరిగినట్టు చెప్తాను.

క్లబ్బులో మొత్తం 24 మంది పిల్లలు. అమ్మాయిలు 13 మంది, అబ్బాయిలు 11 మంది. మొదటి రోజే సార్ బోర్డు మీద రెండు వరుసలు గీసి పనులు పంచారు. దర్శకత్వం, కెమెరా, సౌండు, ఎడిటింగ్ అబ్బాయిలకు. నటన, మేకప్, కాస్ట్యూమ్స్, క్లాప్ కొట్టడం, కంటిన్యూటీ (ఏ షాట్‌లో ఏది ఎలా ఉందో) రాయడం అమ్మాయిలకు. ఎవరికేం కావాలో అడగలేదు. మా బిడ్డ చెయ్యెత్తి, "సార్, నేను కెమెరా నేర్చుకుంటాను" అంది. "బరువుంటదమ్మా, కింద పడేస్తే ఎవరు కడతారు? నీ దస్తూరి బాగుంటది, నువ్వు కంటిన్యూటీ రాయి" అన్నారు సార్. కోపంగా అనలేదు, ప్రేమగానే అన్నారు. ప్రేమగా అన్న మాటకు ఎదురు చెప్పడం పద్నాలుగేళ్ళ పిల్లకు చేతకాలేదు.

ఆ కెమెరా నేనూ చూశాను. లెన్సుతో కలిపి కిలో ఉంటుందేమో. మా ఇంటికి వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాను సైకిల్ క్యారియర్ మీద పెట్టుకుని తెచ్చేది మా బిడ్డే. గడప దగ్గర దింపి, రెండు చేతులతో ఎత్తి, లోపల స్టూలు మీద పెడుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా క్యాను జారవిడవలేదు.

సినిమా కథ మా బిడ్డ రాసిందే. పొద్దున నుంచి సాయంత్రం దాకా బడిలో నీళ్ళు తాగని ఒక అమ్మాయి కథ. ఇంటి నుంచి బాటిల్ నింపుకుని వస్తుంది, నిండు బాటిలే ఇంటికి తీసుకుపోతుంది. ఎందుకంటే బడి బాత్రూంలో నీళ్ళు రావు, తలుపు గడియ పడదు. తాగితే వెళ్ళాల్సి వస్తుంది, అందుకని తాగదు. నిజం చెప్తున్నాను, ఆ బాటిల్ మా ఇంట్లోదే. చాలా రోజులు అది నిండుగానే తిరిగొస్తే, "ఎండలో నీళ్ళు తాగకపోతే ఎట్లనే" అని నేను తిట్టేదాన్ని. కథ చదివాకే నాకు అసలు సంగతి తెలిసింది. తల్లినైన నాకు నోటితో చెప్పలేని మాట నోట్‌బుక్కులో కథగా రాసుకుంది.

షూటింగ్ మూడు ఆదివారాలు జరిగింది. చెరువు కట్ట మీద తీసిన రోజు నటించే ఇద్దరు అమ్మాయిలను తప్ప మిగతా ఆడపిల్లలను రావద్దన్నారు. "ఆడపిల్లల బాధ్యత ఎవరు తీసుకుంటారు?" అన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఏదైనా జరిగితే ఊరంతా మొదట టీచర్‌నే నిలదీస్తుంది. అందుకే మేం ముగ్గురు తల్లులం తోడు వస్తామని చెప్పి పంపాం. అవసరం లేదన్నారు.

అసలు దెబ్బ ఎడిటింగ్ దగ్గర పడింది. ల్యాప్‌టాప్ బడిలో ఉంచితే పోతుందని ఒక పదో తరగతి అబ్బాయి ఇంట్లో పెట్టారు. వాళ్ళు రాత్రి ఏడు తర్వాత కూర్చునేవాళ్ళు. ఆ టైంలో వేరే ఇంటికి ఆడపిల్లను ఎవరు పంపుతారు? నేనూ పంపలేదు. సినిమాలో ఏది ఉండాలో ఏది పోవాలో తేలిన ఆ గదిలో ఒక్క అమ్మాయి కూడా లేదు. బాత్రూం తలుపు దగ్గర తీసిన సీను మొత్తం కోసేశారు. "పదిమంది చూసేది, బాగుండదు" అనుకున్నారట. దాని బదులు, దాహంతో ఉన్న అమ్మాయిని ఒక అబ్బాయి గమనించి తన బాటిల్ ఇచ్చినట్టు, ఆ పిల్ల నవ్వినట్టు కొత్తగా తీసి కలిపారు. బాటిల్ ఆ పిల్ల సంచిలోనే ఉంది కదా! ఆ పిల్ల తాగనిది నీళ్ళు లేక కాదు. కథలో ఉన్న ఒకే ఒక్క సంగతి పోయింది, దాని స్థానంలో ఒక మంచి అబ్బాయి వచ్చాడు.

ఆ సినిమాకు బహుమతి వచ్చింది. స్టేజీ మీదికి సార్, ఇద్దరు అబ్బాయిలు వెళ్ళారు. శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు. టైటిల్స్‌లో కథ, మాటలు, దర్శకత్వం అంటూ ఒక అబ్బాయి పేరు పడింది. నటించిన ఇద్దరిని తీసేస్తే మిగిలిన 11 మంది అమ్మాయిల పేర్లు చివర్లో ఒకే చోట, "సహకారం" అనే మాట కింద వేశారు. చదివేలోపే పోయాయి. ఆ రాత్రి అన్నం తింటూ మా బిడ్డ అడిగింది, "అమ్మా, సహకారం అంటే ఏం పని?"

ఆ సినిమాకు నాలుగు జతల బట్టలు నేనే కుట్టిచ్చాను. పైసా తీసుకోలేదు. కుట్టుపని తక్కువదని నేను ఎన్నడూ అనను, అది మా ఇంటికి అన్నం పెట్టింది. కానీ నా చిన్నప్పుడు నా ముందు వేరే ఏమీ పెట్టలేదు కాబట్టి నేను మిషను ముందు కూర్చున్నాను. మా బిడ్డ ముందు కెమెరా ఉంది. కావాలని నోరు తెరిచి అడిగింది. ఇవ్వలేదు.

మేకప్, బట్టలు ఆడవాళ్ళకు సహజంగా వచ్చే పనులు, అందుకే ఇచ్చామని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ముంబై సినిమా రంగంలో మేకప్ ఆర్టిస్టుల సంఘం అర్ధ శతాబ్దానికి పైగా ఆడవాళ్ళకు మేకప్ పనికి సభ్యత్వ కార్డే ఇవ్వలేదు. హెయిర్ డ్రెస్సర్‌గా చేయొచ్చు గానీ మేకప్ మగవాళ్ళ పని అన్నారు. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్ట్ సుప్రీంకోర్టు దాకా వెళితే, 2014 నవంబరులో ఆ నిబంధన చెల్లదని తీర్పు వచ్చింది. మరి ఏది సహజం? డబ్బు రాని బడిలో మేకప్ ఆడపిల్లల పని, డబ్బు వచ్చే చోట అదే మేకప్ మగవాళ్ళ పని. పనికి ఆడ, మగ లేదు. దానివల్ల వచ్చే పేరు, డబ్బు ఎవరికి పోవాలో ముందే అనుకుని పనులు పంచుతున్నారు.

అమ్మాయిలకు టెక్నికల్ పనుల మీద ఇంట్రెస్ట్ ఉండదనే మాట కూడా విన్నాను. మా తల్లిగారి ఊరు జహీరాబాద్ వైపు. అక్కడి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళా రైతులు, చాలామంది దళిత స్త్రీలు, అక్షరం ముక్క రాని వాళ్ళు కూడా, వీడియో కెమెరా నేర్చుకున్నారు. తమ పొలాల గురించి, విత్తనాల గురించి, పత్తి రైతుల నష్టాల గురించి సినిమాలు తీశారు. ఇంగ్లీషు షాట్ పేర్లు పక్కనపెట్టి వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. కెమెరాను ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా పట్టి తీస్తే అది "సంఘం షాట్". సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు కాబట్టి ఆ పేరు. ఎక్కువ తక్కువలు చూపించే షాట్‌కు ఊరి భూస్వామి అయిన పటేల్ పేరు పెట్టారు. కలుపు తీసిన చేతులతో కెమెరా పట్టిన ఆ అమ్మలకు లేని భయం, తొమ్మిదో తరగతి చదివిన పిల్లల విషయంలో మీకెందుకు?

1953లోనే భానుమతి గారు ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు. సావిత్రి గారు 1968లో ‘చిన్నారి పాపలు’ తీశారు. విజయనిర్మల గారు 44 సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ రికార్డుకెక్కారు. వీళ్ళ ఫొటోలు మహిళా దినోత్సవం రోజు గోడకు అతికిస్తారు, మళ్ళీ ఏడాది దాకా ఎవరికీ గుర్తుండదు.

ఇంకొక్క సంగతి. మలయాళ సినిమా రంగంలో ఆడవాళ్ళ పరిస్థితి మీద జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికి వచ్చింది. అందరూ వేధింపుల గురించే మాట్లాడారు, మాట్లాడాల్సిందే. అందులోనే ఇంకో మాట ఉంది. షూటింగ్ దగ్గర బాత్రూంలు, బట్టలు మార్చుకునే చోటు సరిగా లేక చాలామంది ఆడవాళ్ళు గంటల తరబడి నీళ్ళు తాగకుండా ఉంటున్నారని, దానివల్ల జబ్బుల పాలవుతున్నారని. పేపర్లో అది చదివి నేను కాసేపు మిషను ఆపేశాను. ఒక జడ్జి గారి నివేదికలో ఉన్న మాటే మా బిడ్డ కథలోనూ ఉంది. దాన్నే "బాగుండదు" అని కోసేశారు.

దీనివల్ల మాలాంటి ఇళ్ళలో ఏం జరుగుతోందో చెప్తాను.

1. పిల్లలు తమంతట తామే తప్పుకుంటున్నారు. వచ్చే ఏడాది క్లబ్బుకు పేర్లు ఇమ్మంటే పోయినసారి 13 మందిలో నలుగురే ఇచ్చారు. మా బిడ్డ ఇవ్వలేదు. ఇప్పుడు ఆ లెక్క చూపించి "అమ్మాయిలకు ఇంట్రెస్ట్ లేదు" అంటున్నారు.

2. ఆడపిల్లల కష్టం బయటికి రాకుండా పోతోంది. ఆ సీను ఉండి ఉంటే బహుమతి ఇచ్చిన అధికారులు ఆ తలుపును తెర మీద చూసేవాళ్ళు. ఈ రోజుకీ ఆ తలుపుకు గడియ లేదు. నీళ్ళు తాగకపోతే కడుపునొప్పి, మూత్రంలో మంట. మా వాడలోనే ఇద్దరు పిల్లలను ఆసుపత్రికి తీసుకుపోయారు. ఒక ఆటో కిరాయి, ఒక రోజు కూలి, మందుల ఖర్చు ఎంతవుతుందో మీకు తెలుసు.

3. బతుకుతెరువు పోతోంది. ఇది నేను మరీ గట్టిగా చెప్పాలనుకున్న మాట. సినిమా నేర్పితే అందరూ హైదరాబాద్ వెళ్ళి డైరెక్టర్లు అవుతారని మేం అనుకోవడం లేదు. మా మండలంలో పెళ్ళి వీడియోలు, ఓణీల ఫంక్షన్లు, ఆల్బం డిజైనింగ్, యూట్యూబ్ చానళ్ళకు ఎడిటింగ్, అన్నీ కుర్రాళ్ళే చేస్తున్నారు. పెళ్ళికూతురిని తయారు చేసే గదిలోకి, ఆడపిల్లకు మంగళస్నానం చేయించే చోటికి మగ ఫొటోగ్రాఫర్ వస్తే ఎంత ఇబ్బందో ఏ తల్లినైనా అడగండి. కెమెరా పట్టే అమ్మాయి ఉంటే పిలిచి మరీ పని ఇస్తారు. నా దగ్గరికి బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళే ఎంతమంది అడిగారో. పద్నాలుగేళ్ళకు నేర్చుకున్న పిల్ల ఇరవై ఏళ్ళకు సొంతంగా సంపాదించుకుంటుంది. క్లబ్బులో మగపిల్లల చేతికే కెమెరా ఇచ్చినప్పుడు ఆ దారి కూడా వాళ్ళకే రాసిచ్చినట్టు అవుతోంది.

4. భద్రత పేరుతో దూరం పెట్టారు గానీ భద్రతే లేదు. షూటింగ్‌లో ఒక అమ్మాయి నడుస్తుంటే వెనక నుంచి ఫోన్లో తీసి ఒక అబ్బాయి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. "తీసేయ్" అన్నారు, తీసేశాడు, అంతటితో అయిపోయిందన్నారు. అది ఆ పిల్ల నాన్న కంట పడింది. క్లబ్ మాన్పించాడు. కబడ్డీ కూడా మాన్పించాడు. తప్పు చేసిన పిల్లవాడు ఈ రోజుకీ క్లబ్బులో ఉన్నాడు.

5. మగపిల్లలకూ ఇది మంచిది కాదు. చక్కగా బొమ్మలు వేసే ఒక అబ్బాయి మేకప్ చేస్తానంటే క్లాసంతా నవ్వారు. వాడు మళ్ళీ నోరెత్తలేదు.

ఇక మేం అడిగేవి. వీటిలో డబ్బు ఖర్చయ్యేవి చాలా తక్కువ.

1. పనులు వంతుల వారీగా ఇవ్వాలి. క్లబ్బులో చేరిన ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడు ఏడాదిలో కనీసం ఒక్కసారి కెమెరా పట్టాలి, ఒక్కసారి ఎడిటింగ్‌కు కూర్చోవాలి, ఒక్కసారి దర్శకత్వం చేయాలి. ఎవరి వంతు ముందో చీటీలు వేసి తేల్చండి.

2. కెమెరా, ల్యాప్‌టాప్ ఎవరు ఎప్పుడు ఎంతసేపు వాడారో ఒక రిజిస్టరు పెట్టండి. నెలకోసారి దాన్ని నోటీసు బోర్డు మీద అతికించండి. హాజరు పట్టీ రాసే బడికి ఇది పెద్ద పని కాదు.

3. పరికరాలు బడి దాటకూడదు. తాళం వేసే ఒక బీరువా చాలు. ఎడిటింగ్ బడి టైంలోనో, సాయంత్రం ఐదులోపో అయిపోవాలి. ఆడపిల్ల రాలేని టైంలో, రాలేని ఇంట్లో క్లబ్ పని పెట్టకూడదు.

4. ప్రతి క్లబ్బుకు ఇద్దరు గైడ్ టీచర్లు ఉండాలి, అందులో ఒకరు మహిళా టీచర్. బయటి షూటింగ్‌కు తల్లులను తోడు పిలవండి. 2024 నుంచి తెలంగాణ బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి, వాటిలో మా సంఘాల ఆడవాళ్ళే ఉన్నారు. బాధ్యత ఎవరు తీసుకుంటారని అడిగారు కదా, మేం తీసుకుంటాం. రాసివ్వమంటే రాసిస్తాం.

5. కథ రాసిన పిల్లకు చెప్పకుండా, ఒప్పుకోకుండా సీన్లు మార్చకూడదు. సినిమా పంపే ముందు టైటిల్స్ మొత్తం క్లబ్బులో గట్టిగా చదివి వినిపించాలి. ప్రతి పేరు పక్కన చేసిన పని రాయాలి. పని పేరు లేకుండా "సహకారం" అని ఒక్క పిల్ల పేరు కూడా వేయొద్దు.

6. పోటీలు పెట్టేవారికి: ఎంట్రీ ఫారంలోనే ఎవరు ఏ పని చేశారో అడగండి. స్టేజీ మీదికి వచ్చిన ఇద్దరితో సరిపెట్టుకోకుండా టీంలో మిగతా పిల్లలతో రెండు మాటలు మాట్లాడండి. ఈ కథ ఎవరికి తట్టింది అని ఆ రోజు ఒక్కరు అడిగినా మా బిడ్డ లేచి నిలబడేది.

7. షూటింగ్‌లో సొంత ఫోన్లు వాడనివ్వొద్దు. ఎవరి అనుమతి లేకుండా ఎవరినీ తీయకూడదని మొదటి పాఠంగా చెప్పండి. తప్పు జరిగితే బాధపడిన పిల్ల ఇంట్లో కూర్చునే పరిస్థితి రాకూడదు.

8. ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో కాగితం మీద జవాబు ఇవ్వాలి. కాదంటే ఎందుకు కాదో రాయండి. అది కూడా జవాబే. ఏమీ చెప్పకపోవడం మాత్రం మాకు వద్దు.

మా బడి సంగతి వేరుగా అడుగుతున్నాను. బహుమతి వెనక్కి ఇమ్మని మేం అనడం లేదు. ఆ అబ్బాయిల మీద నాకు కోపం లేదు, వాళ్ళూ పిల్లలే. కోసేసిన సీను మళ్ళీ కలపాలి. కథ రాసింది ఎవరో టైటిల్స్‌లో వేయాలి. ఆ సినిమాను బడిలో అందరి ముందు ఒకసారి వేయాలి. అంతకంటే ముందు ఆ తలుపుకు గడియ పెట్టాలి. గడియ ఖర్చు నేను పెట్టుకుంటాను.

కంటిన్యూటీ నోట్‌బుక్ మా ఇంట్లోనే ఉంది. 46 పేజీలు. ఏ షాట్‌లో అమ్మాయి సంచి ఏ భుజానికి ఉందో, జడకు రిబ్బను ఏ వైపు వదులైందో అన్నీ రాసి ఉన్నాయి. ప్రతి షాట్ పక్కన చిన్న బాటిల్ బొమ్మ వేసి, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో పెన్సిల్‌తో గీత గీసింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆ గీత ఒకే చోట ఉంది. ఫుటేజీ ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉందని విన్నాను. జూన్ 12న బడి తెరుస్తారు. ఆ రోజు ల్యాప్‌టాప్ బడికి తెప్పిస్తే, మా బిడ్డ ఈ నోట్‌బుక్ పట్టుకుని ఎడిటింగ్‌కు కూర్చుంటుంది. తెప్పిస్తారో లేదో చెప్పండి.

ఇట్లు,
పదో తరగతిలోకి వెళ్తున్న ఒక అమ్మాయి తల్లి